మమ్మీ అంటే శవమా? ఈ మాట అసలు ఎక్కడిది?

విశాఖ_దీప
మా ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్నగారు మళ్లీ ఆ మెసేజే పెట్టారు. "మమ్మీ అంటే ఈజిప్టులో గుడ్డలు చుట్టి దాచిన శవం. డాడీ అనేది డెడ్ నుంచి పుట్టింది. పిల్లల చేత అలా పిలిపించుకునేవాళ్లు బతికుండగానే శవాలైనట్టు" అని. మా బాబు నన్ను మమ్మీ అనే పిలుస్తాడు, ఆ సంగతి ఆయనకి తెలుసు. అంటే మెసేజ్ ఎవరికో అందరికీ అర్థమైంది. మా తోడికోడలు కింద నమస్కారం బొమ్మ కూడా పెట్టింది.
అమ్మా అని పిలిస్తే నాకూ ఇష్టమే, దాని మీద నాకు ఏ పేచీ లేదు. కానీ ఈ కథ నిజమా? శవానికి ఆ పేరు ఎలా వచ్చింది? తెలిసినవాళ్లు చెబితే ఆయనకి మర్యాదగా ఒక జవాబు రాస్తాను.

బందరు_లడ్డు
వినాయక చవితికి పత్రి వచ్చినట్టు ప్రతి మాతృభాషా దినోత్సవానికీ ఆ మెసేజ్ మా గ్రూపుల్లోకీ వస్తుందండీ.

కోనసీమ_కుర్రోడు
అందులో తప్పేముంది? ఈజిప్టు శవాన్ని మమ్మీ అనే అంటారు కదా. స్పెల్లింగూ ఒకటే, పలకడమూ ఒకటే. పెదనాన్నగారి బాధ అమ్మ అనే పిలుపు పోతోందనే.

పాతపుస్తకం
కుర్రోడు గారూ, స్పెల్లింగ్ ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కాదు. తెలుగులో "పాలు" ఉంది. గ్లాసులో పోసుకునేదీ పాలే, ఆస్తిలో వచ్చే వాటా కూడా పాలే. రెండింటికీ చుట్టరికం కలుపుతామా?
తల్లిని పిలిచే మమ్మీ పసిపిల్లల నోటి మాట. మామా, మమ్మా అనే పిలుపుల నుంచి వచ్చింది. ఇంగ్లీషు రాతల్లో 18వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. పెదాలు కలిపి తెరిస్తే "మ" పలుకుతుంది కాబట్టి ప్రపంచంలో చాలా భాషల్లో తల్లిని పిలిచే మాటలో ఆ అక్షరం ఉంటుంది. మన అమ్మలోనూ ఉంది.
శవం మమ్మీ దారి పూర్తిగా వేరు. పారసీకంలో "మూమ్" అంటే మైనం. దాన్నుంచి "మూమియా" పుట్టింది. అది అరబ్బీలోకి, అక్కడి నుంచి మధ్యయుగాల లాటిన్‌లోకి "ముమియా"గా, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లింది. 1400 ప్రాంతంలో ఇంగ్లీషులో ఆ మాట మొదట కనిపించినప్పుడు దాని అర్థం శవం కాదు, మందు! శవం అనే అర్థం 17వ శతాబ్దం మొదట్లో గానీ రాలేదు.
డాడీకీ డెడ్‌కీ అసలు సంబంధమే లేదు. డాడీ కూడా "ద ద" అనే పిల్లల మాటే. డెడ్ పాత జర్మానిక్ మాట.

నాంపల్లి_నవాబు
మూమ్ అంటే మైనమా! మరి మా ఇంట్లో కరెంటు పోతే వెలిగించే మోంబత్తి?

పాతపుస్తకం
అదేనండీ. మోమ్ అంటే మైనం, బత్తి అంటే వత్తి. హైదరాబాదులో రోజూ వాడే మోంబత్తికీ ఈజిప్టు మమ్మీకీ మూలం ఒకటే.

నాంపల్లి_నవాబు
ఇన్నేళ్లుగా మమ్మీబత్తి వెలిగిస్తున్నామన్నమాట 😄

విశాఖ_దీప
ఆగండాగండి. మైనం నుంచి మందు, మందు నుంచి శవం. ఈ మధ్యలో ఏం జరిగింది?

తేటగీతి
దీపక్కా, ఇది నాకు చాలా ఇష్టమైన కథ. కొంచెం పెద్దగా రాస్తాను.
దక్షిణ ఇరాన్‌లో దారాబ్‌గిర్ద్ అనే చోట కొండ రాళ్ల సందుల్లోంచి నల్లగా, మైనంలా మెత్తగా ఒక జిగురు ఊరేది. ఖనిజ తారు, అంటే బిట్యుమెన్ లాంటిది. మైనంలా ఉంది కాబట్టి మూమియా అన్నారు. ఎముక విరిగినా, దెబ్బ తగిలినా అదే మందు. అల్ రాజీ, ఇబ్న్ సీనా లాంటి పెద్ద వైద్యులు కూడా దాని గుణాలు రాశారు. దొరికేది చాలా కొద్దిగా, ధర మాత్రం చాలా ఎక్కువ.
ఇక ఈజిప్టు సమాధుల్లో తవ్వి తీసిన శవాల లోపలా, కట్ల మీదా నల్లటి గట్టి పదార్థం ఉండేది. చూడటానికి అచ్చం మూమియాలాగే ఉంది. కొండలో ఊరేది దొరకనప్పుడు దీన్ని అమ్మడం మొదలుపెట్టారు. 1200 ప్రాంతంలో ఈజిప్టు తిరిగిన బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ దీన్ని కళ్లారా చూసి రాశాడు. అసలుది లేకపోతే దీన్ని వాడొచ్చన్నాడు.
ఆ అరబ్బీ వైద్య గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్లేటప్పుడు అర్థం జారింది. శవాల్లో దొరికే నల్ల పదార్థమే మూమియా అని యూరప్ వైద్యులకు అర్థమైంది. కొన్నాళ్లకి ఆ పదార్థంతో బాటు మాంసం కూడా మందే అయిపోయింది. చివరికి మొత్తం శవానికే ఆ పేరు ఖాయమైంది.
అంటే శవం పేరు మందుకు పెట్టలేదు, మందు పేరు శవానికి అంటుకుంది. పాత ఈజిప్టు వాళ్లకి ఈ మాటే తెలియదు. వాళ్లు "సాహ్" అనేవారు.

కోనసీమ_కుర్రోడు
మాంసం మందా?? మనుషులు తిన్నారా?

తేటగీతి
తిన్నారు. పొడి కొట్టి మందుల దుకాణాల్లో అమ్మేవారు. రక్తం కారినా, దెబ్బ కమిలినా, మూర్ఛ వచ్చినా ఇదే. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ దాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకునేవాడట. గిరాకీ పెరిగేసరికి నకిలీలు వచ్చాయి. ఈ మధ్యే చనిపోయిన అనాథల, ఉరితీసిన ఖైదీల శవాలకే తారు పట్టించి ఎండబెట్టి, ఫారో కాలం నాటివని అమ్మారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయ్ పారే 1582లో దీని మీద గట్టిగా విరుచుకుపడుతూ ఒక పుస్తకమే రాశాడు. దీనివల్ల రోగికి మేలు లేకపోగా కడుపునొప్పీ వాంతులూ వస్తాయన్నాడు.
అయినా ఆగలేదు. జర్మనీలో మెర్క్ కంపెనీ మందుల జాబితాలో 1924లో కూడా అసలైన ఈజిప్టు మూమియా అని ఉంది.

బందరు_లడ్డు
1924! మా తాతయ్య పుట్టిన సంవత్సరం. నాకు కాఫీ సయించడం లేదు ఇప్పుడు.

కుంచె_రంగు
బొమ్మలు వేసేవాళ్లకి ఇంకో సంగతి. "మమ్మీ బ్రౌన్" అని ఒక రంగు ఉండేది. మమ్మీలను పొడి చేసి నూనెలో కలిపితే వచ్చే పల్చటి గోధుమ రంగు. నీడలకీ, ఒంటి రంగు కింద పొరకీ బాగుంటుందని యూరప్ చిత్రకారులు వాడారు. ఎడ్వర్డ్ బర్న్ జోన్స్ అనే పెద్ద చిత్రకారుడు అది పేరు మాత్రమే అనుకున్నాడు. 1881లో ఒక మిత్రుడు నిజం చెప్పేసరికి లోపలికి వెళ్లి ట్యూబు తెచ్చి, తోటలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఒకప్పుడు మనిషి కదా, అలాగైనా అంత్యక్రియలు జరగాలని.
లండన్‌లో రంగులు అమ్మే రాబర్‌సన్ కంపెనీ వాళ్లు 1960ల్లో, మమ్మీలు అయిపోయాయి కాబట్టి ఇక ఆ రంగు చెయ్యలేమని చెప్పారు. ఇప్పుడు ఆ పేరుతో దొరికేది ఖనిజ రంగే, భయం లేదు.

సీకాకుళం_సిన్నోడు
మొత్తం చదివాను. ఒక్క సందేహం. ఈజిప్టు వాళ్లు నిజంగా తారు పూసేవారా, లేక అది కూడా అపోహేనా?

కెమిస్ట్రీ_సార్
మంచి ప్రశ్న. శవాన్ని పాడవకుండా నిలిపింది తారు కాదు, ఉప్పు. నాట్రాన్ అనే ఉప్పు. కైరోకి వాయవ్యంగా వాదీ నాట్రూన్ అనే లోయలో సరస్సులు ఎండినప్పుడు తెల్లగా పేరుకునేది. మన భాషలో చెప్పాలంటే వాషింగ్ సోడా, తినే సోడా, కొంచెం మామూలు ఉప్పు కలిసినది.
ఊపిరితిత్తులు, కాలేయం, జీర్ణకోశం, పేగులు తీసి వేరుగా ఎండబెట్టి జాడీల్లో పెట్టేవారు. మెదడుని ముక్కు దారిన కొక్కెంతో లాగి పారేసేవారు, దాని మీద వాళ్లకి గౌరవం లేదు. గుండెని మాత్రం కదిలించేవారు కాదు, ఎందుకంటే బుద్ధి అక్కడే ఉంటుందని నమ్మకం. తర్వాత శవాన్ని నాట్రాన్‌లో కప్పి దాదాపు 40 రోజులు వదిలేస్తే ఒంట్లో నీరంతా లాగేస్తుంది. నీరు లేకపోతే బ్యాక్టీరియాకి పని లేదు. తర్వాత నూనెలు, చెట్ల జిగుర్లు పూసి నారబట్ట చుట్టేవారు. అన్నీ కలిపి 70 రోజులు.
నలుపు చాలా వరకు ఈ జిగుర్లూ నూనెలూ కాలంతో మారడం వల్ల వచ్చింది. తారు బాగా వాడింది చివరి కాలంలోనే, గ్రీకు, రోమను పాలనలో.
ఈజిప్టులోని సక్కారాలో శవాలకు లేపనం చేసే కార్ఖానా ఒకటి బయటపడింది. అక్కడి కుండల మీద ఏది దేనికో రాసి ఉంది. వాటి అడుగున మిగిలిన మడ్డిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. అందులో డామర్ దొరికింది. అది ఆసియా అడవుల సరుకు, మన గుగ్గిలం చెట్ల కుటుంబం వాటి జిగురు. రెండున్నర వేల ఏళ్ల కిందటే అంత దూరం వెళ్లింది!
ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. సోడియానికి సంకేతం ఎస్‌ఓ అని కాకుండా ఎన్‌ఏ అని ఎందుకని పిల్లలు ఏటా అడుగుతారు. లాటిన్‌లో దాని పేరు నాట్రియం. అది ఈ నాట్రాన్ నుంచే.

సీకాకుళం_సిన్నోడు
సార్, మా టెన్త్‌లో ఇలా చెప్పి ఉంటే పీరియాడిక్ టేబుల్ మర్చిపోయేవాణ్ని కాదు.

గోదావరి_గట్టు
అందరూ ఈజిప్టు ఈజిప్టు అంటున్నారు. శవాన్ని పాడవకుండా ఉంచడం మనకీ తెలుసు. రామాయణంలో దశరథుడు పోయినప్పుడు భరత శత్రుఘ్నులు కేకయ రాజ్యంలో ఉంటే, వాళ్లు వచ్చేదాకా దేహాన్ని తైలద్రోణిలో ఉంచారు. అది మమ్మీ కాదా?

పాతపుస్తకం
కాదనే నా అభిప్రాయం. తైలద్రోణి అంటే నూనె తొట్టి. గాలి తగలకుండా కొన్నాళ్లు ఆపారు, భరతుడు రాగానే దహనం చేశారు. ఈజిప్టు వాళ్ల లెక్కలో దేహం శాశ్వతంగా ఉండాలి, అది పోతే ఆత్మకి చోటు ఉండదు. మనకి దేహం పోవాల్సిందే, కొడుకు చేతి మీదుగా పోవాలి, అంతే. రెండు ఆలోచనలూ ఎదురెదురు. పద్ధతి తెలియడం వేరు, ఎందుకు చేశారన్నది వేరు.

గోదావరి_గట్టు
ఉద్దేశం వేరైనా విద్య విద్యే కదండీ. నూనెలో ఉంచితే గాలి ఆడదని వాల్మీకి కాలానికే తెలుసు అంటున్నాను. అది చిన్న సంగతి కాదు.

పాతపుస్తకం
ఆ మాట ఒప్పుకుంటాను. దానికి మమ్మీ అనే పేరు పెట్టొద్దంటాను.

జగిత్యాల_అన్న
కొడుకు వచ్చేదాక ఆపుడు అన్నరు కాబట్టి ఒక మాట చెప్తా. మా దిక్కు పెద్దగా చదువుకోని ముసలమ్మకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుంది, ఎంబామింగ్. దేహం ఖరాబు కాకుండ మందు ఎక్కిచ్చుడు. గల్ఫ్‌కు పోయినోళ్లు అక్కడ చనిపోతే దేహం ఇంటికి రావాలంటే ఆ సర్టిఫికెట్ లేకుండ విమానంల ఎక్కనియ్యరు.
మా బాబాయి కొడుకు సౌదీల గుండెపోటుతోని పోయిండు. డెత్ సర్టిఫికెట్, పోలీసుల కాగితం, క్యాన్సిల్ చేసిన పాస్‌పోర్టు, ఎంబసీ ఎన్‌ఓసీ, ఎంబామింగ్ సర్టిఫికెట్. ఒకటి ఉంటే ఒకటి లేదు. కంపెనీవాళ్లు ఫోను ఎత్తలే. మా చిన్నమ్మ రోజూ ఒకటే అడిగేది, "ఎంబామింగ్ అయిందా బిడ్డా" అని. ఆ మాటకు అర్థం ఆమెకు తెల్వదు. అదైతే కొడుకు ఇంటికొస్తడని మాత్రం తెలుసు.
శంషాబాద్ కార్గోల పెట్టె ఇచ్చిండ్రు. మీద పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు రాసిన కాగితం అంటించి ఉండె. ఇంటికాడ మూత తీస్తే కండ్లు మండినయి, ఫార్మలిన్ వాసన. ముఖం మాత్రం చక్కగ ఉండె, పడుకున్నట్టే. చిన్నమ్మ చెంప పట్టుకొని ఏడ్చింది. ఆ మందు లేకపోతే ఆ చూపు కూడా దక్కకపోవు.

విశాఖ_దీప
అన్నా, చదువుతుంటే గుండె బరువెక్కింది. చిన్నమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

జగిత్యాల_అన్న
మనవరాలిని చూసుకుంట ఉన్నది అక్కా. పాప ఇంటర్ చదువుతున్నది.

కెమిస్ట్రీ_సార్
అన్నా, చిన్నమ్మగారికి నా నమస్కారం. ఇప్పటి ఎంబామింగ్‌లో ఎండబెట్టడం ఉండదు. రక్తనాళంలోంచి ఫార్మలిన్ ద్రావణం ఎక్కిస్తారు. అది ఒంట్లోని ప్రొటీన్లను బిగించేస్తుంది, బ్యాక్టీరియాని చంపుతుంది. అందుకే ముఖం చెక్కుచెదరదు. మూత తీయగానే పక్కనున్నవాళ్లకి కళ్లు మండటం మామూలే, అందుకని పెట్టె ఆరుబయట తెరవడం మంచిది. పసిపిల్లల్నీ ఆస్తమా ఉన్నవాళ్లనీ కాస్త దూరంగా ఉంచాలి.

తేటగీతి
ఎంబామ్ మాటలో ఉన్నది బామ్. సుగంధపు చెట్ల జిగురుని గ్రీకులో బల్సమాన్ అన్నారు, అది లాటిన్‌లో బల్సమం, ఫ్రెంచిలో అరిగి బామ్ అయింది. దాన్ని పట్టించడమే ఎంబామ్. తలనొప్పికి రాసుకునే బామ్ కూడా అదే మాట.

బందరు_లడ్డు
బామ్ అంటే మాకు అమృతాంజనమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది మా కృష్ణా జిల్లా ఎలకుర్రు. 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారు.

నాంపల్లి_నవాబు
మన హైదరాబాదులోనే ఒక మమ్మీ ఉందని ఎవరూ చెప్పలేదేం? పబ్లిక్ గార్డెన్స్‌లో, అసెంబ్లీ పక్కన రాష్ట్ర మ్యూజియంలో ఉంది. పేరు నైషు అంటారు. క్రీస్తుకి పూర్వం రెండు మూడు వందల ఏళ్ల నాటిది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పెట్టి కొన్నాడు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి ఇస్తే ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. మనిషి చిన్నగా ఉంటుంది. ఒంటి మీద పూసలూ రంగుల అట్ట తొడుగూ ఇంకా కనిపిస్తాయి. కొన్నేళ్ల కిందట పాడవుతోందని గమనించి, గాలి చొరకుండా నైట్రోజన్ నింపిన అద్దాల పెట్టెలో పెట్టారు.

కెమిస్ట్రీ_సార్
నైట్రోజన్! ఆ మాట కూడా గ్రీకు నిట్రాన్ నుంచే వచ్చింది. నాట్రాన్, నిట్రాన్ ఒకే ఈజిప్టు మాట నుంచి పుట్టినవి. అప్పుడు నాట్రాన్‌లో ఎండబెట్టారు, ఇప్పుడు నైట్రోజన్‌లో ఉంచారు. రేపే క్లాసులో చెబుతాను.

కోనసీమ_కుర్రోడు
నాదో ప్రశ్న. పాత ఈజిప్టు రాజు రామెసెస్ మమ్మీకి పాస్‌పోర్టు ఇచ్చారని, వృత్తి దగ్గర రాజు అని రాశారని ఫొటో తిరుగుతోంది. నిజమా?

పాతపుస్తకం
ఆ ఫొటో ఈమధ్య ఒక వెబ్‌సైటువాళ్లు ఊహించి చేసిన బొమ్మ. ప్రయాణం మాత్రం నిజం. 1976లో రెండో రామెసెస్‌ని పారిస్ తీసుకెళ్లారు, ఒంటికి పట్టిన బూజు పోగొట్టడానికి. విమానాశ్రయంలో సైనిక వందనంతో స్వాగతం పలికారు. గామా కిరణాలతో బూజును చంపి వెనక్కి పంపారు.

గోదావరి_గట్టు
మూడు వేల ఏళ్ల తర్వాత కూడా రాజుకి రాజు మర్యాద. బాగుంది.

విశాఖ_దీప
పెదనాన్నగారికి ఫోన్ చేసే చెప్పాను, గ్రూపులో రాయలేదు. పారసీకం, మైనం, మందు అంతా విన్నారు. "ఓహో, మోంబత్తిలో మోమా" అని నవ్వారు. బాబు చేత మాత్రం అమ్మా అనిపించమన్నారు, ప్రయత్నిస్తానన్నాను. పాతపుస్తకం గారికీ తేటగీతికీ చాలా థ్యాంక్స్.

కుంచె_రంగు
పెదనాన్నగారు గ్రూపులో ఆ మెసేజ్ తీసేశారా?

విశాఖ_దీప
తీయలేదు 🙂

చార్మినార్_అత్తర్
ఆలస్యంగా వచ్చాను. మా తాతలది యునానీ మందుల దుకాణం. మూమియా మాట ఇంకా బతికే ఉంది, మోమియాయి అంటారు. ఇప్పుడు ఆ పేరుతో ఇచ్చేది శిలాజిత్తే, శవానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. రష్యా వైపు ఆ జిగురునే ముమియో అంటారు.
ఉత్తరాదిన ఈ మాటకి ఇంకో భయంకరమైన కథ కూడా ఉండేది. తెల్లవాళ్ల మనుషులు పిల్లల్ని ఎత్తుకెళ్లి, తలకిందులుగా వేలాడదీసి, కింద మంట పెట్టి తలలోంచి మోమియాయి తీస్తారని బ్రిటిష్ కాలంలో పుకార్లు లేచేవి. మా నానమ్మ కూడా చిన్నప్పుడు విన్నానని చెప్పేది. యూరప్ వాళ్లు శవాల పొడి మింగిన సంగతి చదివాక, జనం భయం మరీ గాల్లోంచి పుట్టలేదేమో అనిపిస్తుంది.

సీకాకుళం_సిన్నోడు
శిలాజిత్ ఇప్పుడు ఇన్‌స్టాలో తెగ అమ్ముతున్నారు కదండీ. మా ఫ్రెండు వాడుతున్నాడు. నిజంగా పని చేస్తుందా?

చార్మినార్_అత్తర్
శుద్ధి చెయ్యనిదైతే ముట్టుకోవద్దని చెప్పండి. కొండ రాళ్లలోంచి ఊరేది కాబట్టి సీసం, ఆర్సెనిక్ లాంటివి కలిసే అవకాశం ఉంది. డబ్బా మీద భార లోహాల పరీక్ష రిపోర్టు ఉందో లేదో చూడమనండి. బీపీ మాత్రలో, షుగరు మాత్రలో వేసుకునేవాళ్లయితే డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

సీకాకుళం_సిన్నోడు
రిపోర్టు లేదట. డబ్బా పక్కన పెట్టించాను.